కొలతయ్య అడిగిన అనుమతి

ఆ వీధిలో అందరూ అతన్ని కొలతయ్య అనే పిలుస్తారు. అసలు పేరుతో పిలిస్తే అతను వెంటనే పలకడు కూడా. వడ్రంగి. చెవి మీద పెన్సిలు, చొక్కా జేబులో టేపు, నడుస్తూ ఎదురైన ప్రతి గుమ్మాన్నీ కంటితోనే కొలిచే అలవాటు. పని చెప్పడానికి వచ్చినవాణ్ణి కూర్చోమనడం కంటే ముందు "ఎంత బై ఎంత?" అంటాడు. పెళ్ళికి ముందు పిల్లను చూసి వచ్చి, ఎలా ఉందిరా అని ఇంట్లో అడిగితే, "బాగానే ఉంది, గుమ్మానికి తల తగలదు" అన్నాడట. అది నిజంగా జరిగిందో లేదో గానీ, అతని బావ మాత్రం దాన్ని పదిమందిలో చెప్పి, చెప్పినప్పుడల్లా ఇంకో ముక్క కలిపి, అందర్నీ నవ్వించేవాడు.

ఆ బావ పోయాడు. పోయేముందు కొలతయ్యను ఒకే ఒక్కటి అడిగాడు. కొలతయ్య అది చెయ్యలేదు. చెయ్యనని కూడా అనలేదు. బాధంతా అక్కడే ఉంది.

బావ అంటే అక్క మొగుడు. ఇద్దరిదీ ఒకే కొట్టు, పొడుగాటి రేకుల షెడ్డు. వీధి వైపు సగంలో కొలతయ్య కోత, చిత్రిక, అతుకులు. వెనక సగంలో బావ శాండ్ పేపర్లు, లక్క పాలిష్ డబ్బాలు, స్పిరిట్ వాసన. కొలతయ్య చేతిలో ఏ వస్తువు పూర్తయినా తీసుకెళ్ళి బావ బల్ల మీద పెట్టాలి. బావ కళ్ళు మూసుకుని అరచెయ్యి దాని మీద ఆనించి, ఈ చివరి నుంచి ఆ చివరికి నిమిరేవాడు. ఎక్కడో చెయ్యి ఆగేది.

"ఒరేయ్ బామ్మర్దీ, ఇక్కడ ముల్లు వదిలేశావు. కొన్నవాడి చొక్కా చిరిగితే తిట్లు నీకా నాకా?"

"నీకే బావా. చివర ముట్టుకున్నది నువ్వే కదా."

"మీ ఇంటి సరుకంతా గరుకేరా. మీ అక్కను నున్నగా చెయ్యడానికి నా జీవితం చాల్లేదు."

"అక్కా, వింటున్నావా?" అని కొలతయ్య కేకేసేవాడు.

మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన అక్క మూత తీస్తూ, "విన్నాలే. ఇవాళ మీ బావకు శాండ్ పేపరే వడ్డిస్తాను" అనేది.

ఆదివారం మందిరంలోనూ ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళు. బావకు పాట రాదు, గొంతు మాత్రం ఉంది. కొలతయ్యకు పాట వచ్చు, గొంతు లేదు. "ఇద్దరం కలిస్తే ఒక గాయకుడు" అనేవాడు బావ.

పెళ్ళైన కొత్తలో బావకు క్షయ వచ్చింది. చాలాకాలం మందులు మింగాడు. నయమైంది, ఇక ఎవరికీ అంటదు అని డాక్టరు చెప్పాడు. డాక్టరు మాట ఎవరికి కావాలి? వీధి చివర టీకొట్టువాడు బావ కోసం వేరే గ్లాసు పెట్టి, దాని అడుగున ఎర్ర రంగుతో ఒక చుక్క వేశాడు. బావ ఆ గ్లాసులోనే తాగి, తనే కడిగి, బోర్లించి వచ్చేవాడు. మందిరంలో ప్రభువు బల్ల జరిగే రోజున మాత్రం చిట్టచివరి బెంచీకి వెళ్ళి కూర్చునేవాడు. అప్పట్లో రొట్టె ముక్క తరవాత ద్రాక్షరసం ఒకే గిన్నెలో చేతులు మారుతూ వచ్చేది. అందరూ తాగాక తాగితే ఎవరికీ ఇబ్బంది ఉండదని అతని ఆలోచన.

అప్పటి పెద్ద పాస్టరు గారు అది కనిపెట్టాడు. ఒక ఆదివారం గిన్నె పట్టుకుని తిన్నగా చివరి బెంచీకి నడిచాడు. మొదట బావకు ఇచ్చాడు. బావ రెండు చేతులతో అందుకుని తాగాడు. తాగాక పాస్టరు గారు గిన్నె తీసుకుని, అంచు తుడవకుండా, బావ తాగిన చోటే తను తాగాడు. ఆ తర్వాతే మిగతావాళ్ళకు పంపాడు.  ముందు బెంచీలోంచి తిరిగి కొలతయ్య అదంతా చూశాడు. మర్నాడు కొట్లో బావ ఒకే కుర్చీని పొద్దున్నుంచి సాయంత్రం దాకా రుద్దుతూ కూర్చోవడం కూడా చూశాడు.

చూశాడు. అందుకే తర్వాత జరిగినదానికి, తెలియక చేశానని చెప్పుకునే వీలు అతనికి లేకుండా పోయింది.

ఏళ్ళు గడిచాయి. పెద్ద పాస్టరు గారు కాలం చేశారు. ఒక ఏడాది దగ్గుతో కూడిన జ్వరం ఊరంతా పాకింది. కొలతయ్య కూతురు ఆసుపత్రిలో మూతికి గొట్టం పెట్టుకుని పడుకుంది. చస్తుందా బతుకుతుందా అన్నట్టు గడిపి, చివరికి బతికి బయటపడింది. ఆ పిల్ల ఊపిరి పీల్చుకునే చప్పుడు కొలతయ్యకు పనిలో ఉన్నా వినిపించేది. జ్వరాలు తగ్గాక మందిరంలో ఆ మాట లేచింది: ఇక మీదట ఒకే గిన్నె వద్దు, ఎవరికి వాళ్ళకు చిన్న గ్లాసులు పెట్టుకుందాం అని.

కొత్తగా వచ్చిన పాస్టరు కుర్రవాడు, మెత్తనివాడు. సంఘంలో మాట చెల్లేది ఇద్దరిది. ఒకాయనకు చెప్పుల షాపు. ఇంకొకాయన రిటైరైన బస్సు కండక్టరు.

"ప్రభువు ఎన్ని గిన్నెలు తిప్పాడయ్యా? ఒక్కటి. ఎవరి టిక్కెట్టు వాళ్ళదే, బస్సు మాత్రం ఒకటే!" అని కండక్టరు ఒంటికాలి మీద లేచాడు.

"అందరూ ఒకే చెప్పులో కాళ్ళు పెడతారా? ఎవరి సైజు వాళ్ళది. జబ్బు చేస్తే బాధ్యత ఎవరిది?" అన్నాడు షాపాయన.

ఇద్దరూ తప్పు మాట అనలేదు. అదే చిక్కు. ఒకరిది తప్పైతే గొడవ ఆ పూటతో పోయేది. ఇద్దరూ తమ మాటకు బైబిలు వాక్యంలోంచి ఆధారాలు తీశారు. వాక్యంలో అంతా ఒక్కటిగా ఉండమని ఉన్న పేజీలు మాత్రం ఆ సాయంత్రం ఎవరూ తిప్పలేదు. చివరికి పాస్టరు, "గ్లాసులు కావాలనేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు. కొలతయ్య ఎత్తాడు. అతని కళ్ళ ముందు కూతురు ఉంది. పక్కన బావ ఉన్నాడు, అటు చూడలేదు. బావ ఎత్తలేదు. ఆడవాళ్ళ వైపు అక్క కూడా ఎత్తలేదు. సగం కంటే ఎక్కువ చేతులు లేచాయి.

గ్లాసులు పెట్టడానికి చెక్క ట్రే చేసే పని కొలతయ్యకే అప్పజెప్పారు.

అతని పని తీరు తెలిసిందే. కొలతకు మించి ఒక మేకు దిగినా, లెక్కకు మించి ఒక చిల్లు పడినా అది తప్పు పనే. ఎన్ని చేతులు లేచాయో పాస్టరును అడిగి, సరిగ్గా అన్ని చిల్లులే వేశాడు. మంచి టేకు చెక్క. గ్లాసు కదలకుండా, ఇరుక్కోకుండా ఎంత కావాలో అంతే వెడల్పు. వేశాక ఒక పక్క కొంత జాగా మిగిలింది. ఉత్తగా వదిలేస్తే బోసిగా ఉంటుందని ఆ జాగాలో ఉలితో ఆకులు, తీగ చెక్కాడు. చూసుకుని మురిసిపోయాడు. అలవాటు ప్రకారం తీసుకెళ్ళి బావ బల్ల మీద పెట్టాడు.

"ఏంట్రా ఇది?"

"గ్లాసుల ట్రే బావా. ఆదివారానికి కావాలి."

బావ కళ్ళు మూసుకుని అరచెయ్యి ఆనించాడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. తర్వాత చూపుడు వేలు ఒక్కో చిల్లులో పెట్టి తీస్తూ వరస చివరి దాకా వెళ్ళాడు.

"బాగా కుదిరింది. మరి మావేవిరా?"

"మావంటే?"

"నాదీ, మీ అక్కదీ."

"నువ్వు చెయ్యెత్తలేదుగా బావా."

కొలతయ్య అది కోపంతో అనలేదు. తలుపు కొలత చెప్పినట్టు చెప్పాడు. కోపంతో అనుంటే బావ తిరిగి ఏదో ఒకటి అనేవాడు, ఇద్దరూ కాసేపు అరుచుకునేవాళ్ళు, క్యారేజీ వచ్చేసరికి సర్దుకునేది.

"ఇక్కడ జాగా ఉందిగా," అన్నాడు బావ తీగ మీద వేలు పెట్టి.

"బోసిగా ఉంటుందని తీగ చెక్కాను."

బావ కాసేపు ఆ తీగనే చూశాడు. "తీగ బాగుందిరా" అన్నాడు.

ఆ రోజంతా పాలిష్ పెట్టాడు. పూత మీద పూత. సాయంత్రానికి ట్రేలో పైకప్పు రేకులు కనిపించేంత మెరుపు తెచ్చాడు. ఆ తర్వాత గుడ్డకు స్పిరిట్ తడిపి చేతులు తుడుచుకుని, డబ్బాలూ బ్రష్షులూ ఒక సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. తొందరగా ఇంటికి వెళ్తున్నాడనుకున్నాడు కొలతయ్య. డ్రిల్లింగ్ మిషను ఇంకా ప్లగ్గుకే ఉంది. ఇంకో రెండు చిల్లులు వెయ్యడానికి ఎంతసేపు? అడిగితే వేసేవాణ్ణి కదా అని చాలా కాలం తనకు తాను చెప్పుకున్నాడు. బావ అడిగాడనీ, అడగడం అంటే అంతకంటే ఏమీ ఉండదనీ అర్థమయ్యేసరికి ఆలస్యమైంది.

ఆదివారం ట్రే బెంచీల వెంట వచ్చింది. చెయ్యెత్తనివాళ్ళలో చాలామంది, సరే, అందరూ అనుకున్నారు కదా, మనమూ సర్దుకుపోదాం అని ఇంటి దగ్గరే అనుకుని వచ్చారు. ట్రే వాళ్ళ దాకా రాకముందే ఖాళీ అయింది. మిగిలింది తీగ ఒక్కటే. పాస్టరు తెల్లమొహం వేశాడు. కండక్టరు లేచి నిలబడ్డాడు.

"సీట్లు నిండిపోయాయంట. దిగండి, దిగండి!"

ముందు ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే లేచి కండక్టరు వెనక నడిచారు. బావ కూడా లేచాడు. కొలతయ్యకు అతని వీపు కనిపించింది. "బావా" అని పిలుద్దామనుకున్నాడు. ఆరాధన మధ్యలో కేకెయ్యడం పద్ధతి కాదని ఊరుకున్నాడు.

అలా సంఘం రెండైంది. వీళ్ళు గ్లాసుల వాళ్ళు, వాళ్ళు గిన్నె వాళ్ళు. కండక్టరు ఇంటి ముందు గదిలో మొదలైన కూటం, తర్వాత వీధి రెండో చివర గోడౌనులోకి మారింది. వాళ్ళకూ ఒక పాస్టరు వచ్చాడు. ఇటు ప్రభువు బల్లలో చెయ్యి వేసి రొట్టె, రసం తీసుకున్నవాళ్ళకు అటు బల్ల లేదు, అటు వేసినవాళ్ళకు ఇటు లేదు అని రెండు వైపులా తీర్మానం చేసుకున్నారు. ఆదివారం పొద్దున్న ఒకే పాట వీధి రెండు చివర్ల నుంచీ వచ్చేది. అటు నిదానం, ఇటు హడావుడి. మధ్యలో టీకొట్టు.

టీకొట్టువాడు కొలతయ్యతో ఒకసారి అన్నాడు: "మా కొట్లో ఎన్నిసార్లు గ్లాసులు మార్చాను మేస్త్రీ! ఒక్కడన్నా పోయి వేరే కొట్టు పెట్టాడా?"

కొలతయ్య టీ సగంలో వదిలేసి వచ్చాడు.

బావ మళ్ళీ షెడ్డులో అడుగు పెట్టలేదు. ఒక ఫర్నిచరు షోరూములో పాలిష్ పనికి కుదిరాడు. గాలి రాని వెనక గది, పొద్దస్తమానం స్పిరిట్ ఆవిరి. కొలతయ్య వేరే పాలిష్ మనిషిని పెట్టుకున్నాడు. ఆ మనిషి ఏ వస్తువునూ చేత్తో నిమరడు, చూసి పూస్తాడు. కొలతయ్య వదిలేసిన ముళ్ళు వదిలేసినట్టే కొనేవాళ్ళ ఇళ్ళకు వెళ్ళాయి. అక్క కూరల దగ్గర కనిపిస్తే, "బాగున్నావా?", "బాగున్నా. పిల్ల బాగుందా?", "బాగుంది" అంతే. బావ ఎదురైతే ఇద్దరూ వందనాలు చెప్పుకునేవాళ్ళు. పరాయివాళ్ళు కూడా అంత మర్యాదగా చెప్పుకోరు.

ఇలా ఎన్నేళ్ళు గడిచాయో కొలతయ్య లెక్కపెట్టలేదు. లెక్కపెట్టకుండా అతను వదిలేసింది అదొక్కటే.

తర్వాత ఒకరోజు మధ్యాహ్నం అక్క షెడ్డుకు వచ్చింది. చేతిలో క్యారేజీ లేదు. గుమ్మం దగ్గరే నిలబడింది.

"మీ బావకు బాగాలేదురా. పాత ఊపిరితిత్తులు కదా, ఆ గదిలో పని ఇంకా పాడుచేసింది. ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఇంక మందులతో పని లేదంట."

కొలతయ్య మిషను కట్టేశాడు.

"నిన్ను అడగమన్నాడు. నీతో కలిసి ఒక్కసారి బల్లలో చెయ్యి వెయ్యాలంట. ఇంట్లోనే. ఆ రొట్టె ముక్కా, ఆ గిన్నే. ఇంకేమీ వద్దంట."

"వస్తానక్కా. తప్పకుండా వస్తాను."

ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాడు. అదే చేతులతో, ఆ రంపపు పొట్టుతోనే, అక్క వెంట నడిస్తే అయిపోయేది. కానీ అతను కొలతయ్య. కొలవకుండా కొయ్యడు.

ఇంటికి వెళ్ళి పెళ్ళానికి చెప్పాడు. ఆవిడ "పిల్ల జబ్బు పడినప్పుడు మీ బావ ఆసుపత్రి మెట్ల మీద ఎన్ని రోజులు కూర్చున్నాడు? వెళ్ళిరా. నన్నడగడమేంటి?" అంది.

"నిన్నడగట్లేదు. పెద్దలను అడగాలి కదా."

"ఎందుకూ?"

"తీర్మానం ఉంది. నేను చెయ్యెత్తినవాణ్ణి. రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తే?"

"అబ్బ, ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదా నువ్వు?" అంది ఆవిడ.

పాస్టరు నీళ్ళు నమిలాడు. "నాకైతే అభ్యంతరం లేదండీ. షాపాయన్ని ఒక మాట అడిగితే బాగుంటుంది" అన్నాడు. షాపాయన ఒక ఆడమనిషి పాదానికి చెప్పు తొడిగి చూపిస్తూనే విన్నాడు.

"వెళ్ళొద్దని నేననను. మానవత్వం ఉన్నవాణ్ణే. కానీ ఒకరికి ఒప్పుకుంటే రేపు ఇంకొకరు అడుగుతారు. కమిటీలో పెడదాం. ముందు వాళ్ళు ఏమంటారో కనుక్కోండి."

కొలతయ్య వీధి రెండో చివరికి వెళ్ళాడు. కండక్టరు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు.

"బామ్మర్దిగా వస్తే మా మనిషివే, కాఫీ తాగి వెళ్ళు. బల్లకు వస్తానంటే మాత్రం, ఆ రోజు చేసింది తప్పని ముందు ఒప్పుకోవాలి. టిక్కెట్టు లేకుండా ఎలా ఎక్కించుకోను చెప్పు?"

అక్కడి నుంచి మొదలైంది తిరుగుడు. తప్పు ఒప్పుకోమంటే షాపాయన ససేమిరా అన్నాడు. సరే, ఇద్దరు పాస్టర్లూ రావాలి. ముందు ప్రార్థన ఎవరిది? ఇటువాళ్ళది. అయితే రొట్టె విరిచేది అటువాళ్ళు. బావ గిన్నెలో తాగుతాడు, కొలతయ్య తన గ్లాసు తను తెచ్చుకుంటాడు అన్నాడు షాపాయన. అయితే అది ఒక బల్ల ఎలా అవుతుందన్నాడు కండక్టరు. కొలతయ్య చెప్పులరిగేలా తిరిగాడు. అతుకు కుదరని చట్రానికి ఈ పక్క కాస్త, ఆ పక్క కాస్త చిత్రిక పట్టినట్టు ఇద్దరి మాటలూ రోజూ కాస్త కాస్త చెక్కుతూ వచ్చాడు. నిజం చెప్పాలంటే అందులో అతనికి కొంచెం గర్వం కూడా కలిగింది. ఇన్నేళ్ళుగా ఎవరివల్లా కానిది తనవల్ల అవుతోంది. బావ కోసమే కాదు, సంఘం మొత్తం మళ్ళీ ఒకటవుతుందేమో.

మధ్యలో ఒకరోజు బావను చూడటానికి వెళ్ళాడు. చిన్న గది, కిటికీ పక్కన మంచం. బావ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, పడుకుంటే ఊపిరి ఆడదు. మనిషి సగమైపోయాడు. కొలతయ్యను చూడగానే మొహం వెలిగింది.

"వచ్చావా? మీ అక్కను పిలువు."

"బావా, ఇంకా... ఒప్పుకునేట్టే ఉన్నారు. ఆదివారం సాయంత్రానికి ఖాయం."

"ఎవరు ఒప్పుకునేది?"

"పెద్దలు. మావాళ్ళూ, మీవాళ్ళూ."

బావ ఊపిరి కూడదీసుకున్నాడు. "వాళ్ళనెందుకు పిలిచావురా? నేను నిన్ను పిలిచాను."

"పద్ధతిగా జరిగితే బాగుంటుందని..."

"ఈ మంచం పక్కన ఎన్ని కుర్చీలు పడతాయి? చూసి చెప్పు. నీకు టేపు అక్కర్లేదుగా."

కొలతయ్య చూశాడు. గోడకూ మంచానికీ మధ్య కొంచెం చోటు. "ఒకటే పడుతుంది" అన్నాడు.

"మరి? అది నీకే వేయించాను."

కుర్చీ నిజంగానే వేసి ఉంది. గూట్లో ఒక పళ్ళెం మీద తెల్ల గుడ్డ కప్పి ఉంది. గుడ్డ కింద ఏముందో కొలతయ్యకు తెలుసు. గుమ్మంలో అక్క నిలబడి ఉంది. అతని మొహం వైపే చూస్తోంది. కొలతయ్య కుర్చీలో కూర్చున్నాడు. బావ చెయ్యి పట్టుకున్నాడు. ఇప్పుడు తను చెయ్యి వేస్తే ఇన్నాళ్ళు చెక్కిందంతా విరిగిపోతుంది, అడక్కుండా చేశాడని రెండు వైపులా మొహం తిప్పుకుంటారు అనుకున్నాడు. ఇంకెంత, ఆదివారమే కదా.

"ఆదివారం వస్తాను బావా. అందరితో కలిసి వస్తాను."

"సరేరా" అన్నాడు బావ. "బాగుంటుంది అందరూ వస్తే."

తీగ బాగుందన్నప్పటి గొంతు. కొలతయ్యకు అది ఇంటికి వచ్చాక తెలిసింది.

ఆదివారం అందరికీ వచ్చింది. బావకు రాలేదు. శనివారం పొద్దున, అక్క మొహం తుడవడానికి తడి గుడ్డ తెచ్చేలోపు పోయాడు.

సమాధి దగ్గర రెండు సంఘాలూ చెరో పక్క నిలబడ్డాయి. ఇద్దరు పాస్టర్లూ చెరొక ప్రార్థన చేశారు. పాట మాత్రం కలిసి పాడారు. వీళ్ళు ముందే ముగించేశారు, వాళ్ళకు ఇంకో చరణం మిగిలింది. ఆ చరణమంతా గ్లాసుల వాళ్ళు తలలు దించుకుని నిలబడ్డారు.

తిరిగి వస్తూ కొలతయ్య షాపాయన పక్కన నడిచాడు. "రేపు సాయంత్రం అనుకున్నాం కదండీ. బావ లేకపోయినా..."

"ఇంకెందుకయ్యా?" అన్నాడు షాపాయన. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అవసరం తీరిపోయిందిగా."

కండక్టరును అడిగితే అతను కళ్ళు తుడుచుకుంటూ, "ఆయన కోసమే ఒప్పుకున్నాను. ఇంక వదిలెయ్" అన్నాడు. ఇద్దరి మొహాల్లోనూ దుఃఖం ఉంది. దాని కింద కాస్త తేలిక కూడా ఉంది. ఎక్కాల్సిన మెట్టు ఎక్కే పని తప్పినట్టు.

కొలతయ్య అక్క ఇంటికి వెళ్ళాడు.  "అక్కా, నేను..." అనగానే ఆవిడ ఆపేసింది.

"నువ్వు చెడ్డవాడివి కాదురా. అదే నాకు కష్టంగా ఉంది. చెడ్డవాడివైతే నాలుగు తిట్టి పడుకునేదాన్ని."

ఆ తర్వాత ఆవిడ మళ్ళీ షెడ్డు వైపు రాలేదు. ఇతను వెళ్తే తలుపు తీసేది, కూర్చోబెట్టేది, భోజనం పెట్టేది. తిన్నంతసేపూ ఎదురుగానే కూర్చునేది. మాట మాత్రం ఉండేది కాదు. మంచం పక్కన కుర్చీ తీసేశారు. గూడు ఖాళీ. ఎన్నిసార్లు వెళ్ళినా కొలతయ్య కళ్ళు ముందు ఆ రెండు చోట్లకే పోయేవి.

కొన్ని నెలలకు, గిన్నె వాళ్ళలో ఒక ముసలావిడ పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఒకప్పుడు వీధంతటికీ పాలు పోసేది, పాలమ్మ అంటారు. ఇంక లేవదని తేలిపోయింది. మంచం కోడు ఊగుతోందని కొలతయ్యను పిలిపించారు. అతను కింద కూర్చుని కోడుకు చీల కొడుతుంటే పైనుంచి ముసలావిడ అంది:

"కొలతయ్యా, మీ బావ చెయ్యి పడిన కుర్చీలో ముల్లు నా చీరకు ఎప్పుడూ తగల్లేదు నాయనా. ఆయన వెళ్ళాక నువ్వు చేసినవే తగులుతున్నాయి."

"అవునమ్మా. ఆయన చెయ్యి వేరు."

"మా పాస్టరు ఊరెళ్ళాడు. మావాళ్ళు రొట్టె, ద్రాక్షరసం అన్నీ తెచ్చి అక్కడ పెట్టి పోయారు, ఆయనొచ్చేదాకా ఆగమని. నేను ఆగుతానో లేదో వాళ్ళకేం తెలుసు? నువ్వు ప్రార్థన చేసి ఇవ్వకూడదూ?"

"నేను అటువైపు వాణ్ణమ్మా."

"నువ్వు ఏ వైపని నేనేమన్నా అడిగానా?"

కొలతయ్య సుత్తి కింద పెట్టాడు. ఆ క్షణంలో అతనికి షాపాయన గుర్తు రాలేదు, కండక్టరు గుర్తు రాలేదు. పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. ప్రార్థన సరిగ్గా రాలేదు, సగంలో ఆగిపోయింది. రొట్టె విరిచి ఆవిడకు సగం ఇచ్చి తను సగం తిన్నాడు. గిన్నె ఆవిడ నోటికి పట్టి, ఆవిడ తాగాక తను తాగాడు. అంచు తుడవలేదు. అంతా అయ్యేసరికి ఇంట్లోవాళ్ళు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

సాయంత్రానికి వీధి రెండు చివర్లకూ ఆ మాట చేరింది. షాపాయన కమిటీని పిలిచాడు. కొలతయ్యను కొంతకాలం బల్లకు దూరంగా ఉండమన్నారు. గోడౌను దగ్గర కండక్టరు ఇంకా గట్టిగానే ఏదో అన్నాడట. కొలతయ్య వాదించలేదు. ఇప్పుడు అతనికి రెండు చోట్లా బల్ల లేదు. ఆదివారం మందిరంలో చివరి బెంచీ మీద కూర్చుని, గ్లాసులు అందరి దగ్గరికీ వెళ్ళి రావడం చూసి ఇంటికి వచ్చేస్తాడు.

కమిటీ అయిన మర్నాడు, పాత రోజుల్లో క్యారేజీ వచ్చే వేళకు, అక్క షెడ్డు గుమ్మంలో నిలబడింది. కొలతయ్య చిత్రిక ఆపి లేచాడు.  కుర్చీ లాగి దాని మీది పొట్టు దులిపాడు. ఆవిడ కూర్చోలేదు.

"పాలమ్మ ఇంట్లో చేశావంట. నిజమేనా?"

"నిజమే అక్కా."

"ఎవర్ని అడిగి వెళ్ళావు?"

"ఎవర్నీ అడగలేదు."

"మీ పెద్దల్నీ? పాస్టరునీ?"

"లేదక్కా. ఆవిడ అడిగింది, చేశాను."

అక్క అతని వైపు చూసింది. కోపం లేదు. కళ్ళు మాత్రం నిండుతూ వచ్చాయి. బావ పోయిన రోజున కూడా అతని ఎదుట ఏడవని మనిషి, ఇప్పుడు కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"అంటే, అడక్కుండా కూడా చెయ్యొచ్చన్నమాట," అంది.

కొలతయ్య చెయ్యి, దులిపిన కుర్చీ వీపు మీదే ఉండిపోయింది.  ఆవిడ వెనక్కి తిరిగి, ఎండలో, తన ఇంటి వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయింది.